ఎవరూ ఉండని ఇల్లు

సోఫా మీద తెల్లగుడ్డ పరిచి అంచులు లోపలికి దోపింది పెద్దమ్మ. నడుము పట్టేసింది. కాసేపు గోడకు ఆనుకుని నిలబడి, మళ్ళీ కుర్చీల వైపు నడిచింది. పొట్టి మనిషి. సబ్బునీళ్ళలో నాని నాని వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడ్డాయి. అయ్యగారి తల్లి పనిలో పెట్టుకున్న నాటి నుంచి ఆ ఇంట్లో అందరికీ ఆమె పెద్దమ్మే, వయసులో ఉన్నప్పుడు కూడా.

గుడ్డలు కప్పడం కొత్తేమీ కాదు. ఇంటివాళ్ళు ఊరెళ్ళినప్పుడల్లా చేసే పనే. కానీ ఈసారి గుడ్డల మీద దుమ్ము చల్లమన్నారు. బతుకంతా ఊడ్చి పారబోసిన దుమ్మును చేటతో తిరిగి తెచ్చి పోస్తుంటే ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే అనుమానమూ వచ్చింది.

సంగతి డ్రైవరు చెప్పాడు. కోట్లకు పడగలెత్తినవాళ్ళు ఆస్తి మీద ఏటా పన్ను కట్టాలని కొత్త చట్టం వచ్చిందట. అందులో కొంత గతిలేని దేశాలకు కూడా పంపుతారట. ఈ దేశంలో కాపురం ఉండనివాళ్ళకు ఆ పన్ను లేదు. అందుకని అయ్యగారు ఏడాదిగా ఈ ఇంట్లో ఉండటమే లేదు. నిన్న రాత్రి ఇక్కడే భోంచేసి, కూరలో ఉప్పు తగ్గిందని అన్నది కూడా ఆయనే. రేపు పొద్దున అధికారులు వచ్చి ఇల్లు చూస్తారు.

"ఆ డబ్బు పేదవాళ్ళకి చేరుతుందంటావా?" అని అడిగింది.

"చేరడం మాట దేవుడెరుగు పెద్దమ్మా. ముందు ఈయన దగ్గర్నించి కదలాలి కదా."

పెద్దమ్మకు అయ్యగారి మీదా నమ్మకం లేదు, ఆ అధికారుల మీదా లేదు. దారిలో ఎన్ని చేతులు తడుస్తాయో ఎవరు చూడొచ్చారు?

మధ్యాహ్నం అయ్యగారే స్వయంగా వంటింట్లోకి వచ్చాడు. చేతిలో కొత్త ఉన్ని దుప్పటి. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడక్కుండా ఈయన పెడుతున్నాడంటే ఏదో ఉందని ఆమె దుప్పటి అందుకోకుండా నిలబడింది. కొన్నాళ్ళు చెల్లెలి ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకోమన్నాడు.

"ఎన్నాళ్ళు బాబూ?"

"కొన్నాళ్ళే. నీ గది ఎక్కడికి పోతుంది?" అంటూ చెయ్యి చాపాడు. "వెనక తలుపు తాళంచెవి ఇలా ఇవ్వు."

ఇల్లు ఎన్నిసార్లు మూసినా ఆ తాళంచెవి ఆమె నడుము దిగలేదు. ఇప్పుడు విప్పి ఇచ్చింది. గది పోయిందని అప్పుడే అర్థమైంది.

"ఎవరైనా అడిగితే, ఎప్పుడో మానేశానని చెప్పు. ఈ మధ్య ఇటువైపే రాలేదను."

చిన్నప్పుడు జ్వరం వస్తే రాత్రంతా తన ఒళ్ళో పడుకోబెట్టుకున్న బిడ్డ ఈయన. దుప్పటి అందుకుంది. సరేనంది.

సాయంత్రం అయ్యగారి కారు విమానాశ్రయానికి వెళ్ళిపోయింది. పెద్దమ్మ మేడ మీది కిటికీలు మూసి, దీపాలు ఆర్పి, సంచీ తీసుకుని వెనక తలుపు లాగింది. అది లాగితే దానంతటదే తాళం పడే తలుపు.

బస్సు స్టాపులో కూర్చున్నాక చేతికి కొంగు తడిగా తగిలింది. ఎందుకు తడిసిందా అని ఆలోచించి ఉలిక్కిపడింది. ఆ జ్వరం నాటి నుంచి రోజూ పొద్దుగూకే వేళ ఆయన మంచం పక్కన నీళ్ళు పెడుతుంది. ఇవాళ కూడా చేతులు వాటంతటవే ఆ పని చేసేశాయి.

వెనక్కి వెళ్ళినా లోపలికి పోలేదు, తాళంచెవి ఆయన జేబులో ఉంది. డ్రైవరుకు ఫోను చేస్తే కారు తిప్పుతాడు. ఫోను తీసింది. నంబరు దొరికింది. ఎప్పుడో మానేసిన మనిషికి ఆ ఇంట్లో ఏముందో ఎలా తెలుస్తుంది? ఫోను సంచీలో, కొత్త దుప్పటి కింద, పెట్టేసింది. బస్సు వస్తే ఎక్కింది.

మేడ మీది గదిలో అన్నిటి మీదా దుమ్ము ఉంది, మంచం పక్కన శుభ్రంగా తుడిచిన చిన్న బల్ల మీద తప్ప. దాని మీద మూత పెట్టిన గ్లాసు నిండా మంచినీళ్ళు ఉన్నాయి.