మూత విడిగా తోమాలి

నీళ్ళ బాటిళ్ళు కడగడంలో ఒక కిటుకుంది. మూత తీసి, దాని లోపలి రబ్బరు చుట్టను వేలితో తోమాలి. లేకపోతే మర్నాటికి పాచి వాసన కొడుతుంది. సైకిలు పందాల జట్టులో ఈ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు. ఛాంపియన్‌గా వెలిగిన రోజుల్లోనూ పందెం పొద్దున అందరి బాటిళ్ళూ ఆమే కడిగేది. ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడిన ఏడాది మాత్రం, వాసన వచ్చినప్పుడల్లా కొత్తవి కొనుక్కున్నారట.

"బతికి బట్టకట్టావు, అదే పదివేలు. ఇంకా ఈ సైకిలు పిచ్చి ఎందుకమ్మా?" అని అత్తగారు నిన్న కూడా ఫోనులో అడిగింది. మొగుడే జట్టుకు కోచ్. అతను వద్దనలేదు. "ఈసారి చెల్లి గెలవాలి. నువ్వు నీళ్ళందిస్తే చాలు, నీ ఒంటికి అంతకంటే పని పెట్టకూడదు," అన్నాడు, మహా మేలు చేస్తున్నవాడిలా. ఆడపడుచు ఆమె వెనకే తొక్కుతూ నేర్చుకున్న పిల్ల. మంచి పిల్లే. కోపం పెట్టుకుందామన్నా వీలు కాదు, అదొక బాధ.

వారం రోజుల పందెంలో ఇవాళ కొండదారి. గుంపులో తన జట్టువాళ్ళకు ఎవరికి దాహం వేసినా ఆమె చెవిలో పెట్టుకున్న రేడియోలో అతని గొంతు పలికేది: "వెనక్కి రా." గుంపు వదిలి, వెనకాల వచ్చే కోచ్ కారు దాకా వెనకబడాలి. కిటికీలోంచి అతనిచ్చే బాటిళ్ళు వీపు జేబుల్లో కుక్కుకోవాలి. మళ్ళీ ఒంటరిగా ఎదురుగాలిని చీల్చుకుంటూ వాళ్ళను అందుకోవాలి. మొదటిసారి ఊపిరి ఎక్కడ ఆగిపోతుందోనని హడలిపోతూ తొక్కింది. ఆగలేదు. మళ్ళీ పిలిచాడు, మళ్ళీ వెళ్ళొచ్చింది. ఆ తర్వాత పిలిచేసరికి కొండ ఎక్కుడు మొదలైంది. వీపున అంత బరువుతోనూ గుంపును అందుకుని తలెత్తి చూస్తే, చుట్టూ అందరూ రొప్పుతున్నారు.

అప్పుడు తట్టింది. గుంపుతో పాటే వచ్చినవాళ్ళకంటే, మాటిమాటికీ వెనకబడి మళ్ళీ అందుకున్న మనిషికే కదా సత్తా ఎక్కువ ఉండాలి! ఇంత చిన్న విషయం కారులో కూర్చున్న కోచ్ బుర్రకు తట్టలేదు. ఎలా తడుతుంది? అందరికీ వడ్డించి ఆఖర్న తినే మనిషి వంటింటికీ భోజనాల బల్లకూ మధ్య ఎంత నడిచిందో కూర్చుని తిన్నవాడు ఏనాడు చూశాడు గనక? ఆమెకు ఒళ్ళు మండిపోయింది. జబ్బు మీద కూడా రానంత కోపం ఆ నీళ్ళ మీద వచ్చింది.

ఆడపడుచు బాటిల్ అందుకుని గుక్కెడు తాగింది. "వదినా, నా వల్ల కావట్లేదు. నీకు ఆయాసం రావట్లేదేంటి?"

"రావట్లేదు," అంది ఆమె. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

ఒక్క బాటిల్ ఉంచుకుని మిగతావి పంచేసి, పెడళ్ళ మీద నిలబడింది.

"ఎక్కడికి? ఆగు!" చెవిలో అరుపు. "నీకేమన్నా అయితే అమ్మకి నేనేం చెప్పను?"

నిజంగానే ఏమన్నా అయితే? డాక్టరు తొక్కమన్నాడు, నిజమే. కానీ ఈ కొండ ఎక్కేది డాక్టరు కాదుగా. మలుపు తిరిగిన ప్రతిసారీ ఛాతీలో ఏదైనా పట్టేస్తుందేమోనని బిగుసుకుపోయింది. అయినా కాళ్ళు ఆగలేదు. వెనక్కి చూస్తే మొదట గుంపు చిన్నదైంది, ఆ తర్వాత అసలు కనబడలేదు. "చెల్లికి దాహం వేస్తోంది, వెనక్కి రా," అంటోంది గొంతు. చెవిలోది పీకెయ్యలేదు. వింటూనే తొక్కింది.

ఆమె ముగింపు గీత దాటి, సైకిలు దిగి, ఒంటి చెమట ఆరేదాకా రెండో మనిషి రాలేదు.

కారు ఆపి అతను పరుగెత్తుకొచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. "నన్నొక్క మాట అడగొద్దూ?"

"అడిగితే నీళ్ళు తెమ్మనేవారు."

వీపు జేబులో మిగిలిన బాటిల్ తీసి, అతని ముందే చుక్క మిగల్చకుండా తాగింది. ఖాళీది అతని చేతిలో పెట్టింది.

"రేపటికి నాకు ఇదే కావాలి, కడిగిపెట్టండి. మూత విడిగా తోమాలి, లేకపోతే వాసనొస్తుంది."