తుడిచేసిన తొమ్మిది గొంతులు

నేను ఒక వాయిస్ రికార్డర్‌ని. ఈ క్షణాన విచారణ సంఘం బల్ల మీద, ఓ ఆడపిల్ల బతుక్కి అడ్డంగా పడి ఉన్నాను.

"ఖాళీ మేడమ్! తొమ్మిదిమంది కొరియా పిల్లలతో మాట్లాడానంది. ఒక్క గొంతయినా ఉందా ఇందులో? లేని పిల్లల్ని పుట్టించి పిహెచ్‌డీ రాసేసింది," అంటున్నారు ప్రొఫెసర్ దశరథరామం, సంఘం అధ్యక్షురాలు తహసీన్ బేగం గారితో.

ఎదురుగా ఆయన శిష్యురాలు నాగచంద్రిక నిలబడి ఉంది. నాలుగేళ్ల పరిశోధన. అది కల్పితమని ఇవాళ తేలితే పట్టా పోతుంది, పరువూ పోతుంది. నన్నడిగితే చెబుదును. మనుషులు మమ్మల్ని నొక్కుతారే గాని అడగరు.

నన్ను కోఠిలో కొన్నది చంద్రికే. నా కడుపులో గొంతులు దాచే అరల్లో మొదటిది జపాన్‌కి, రెండోది కొరియాకి ఇచ్చింది. ఇంగ్లీషు నేర్చుకోడానికి హైదరాబాద్ వచ్చిన ఆ దేశాల విద్యార్థుల ముందు నన్ను పెట్టి అందరినీ ఒకటే అడిగేది: "మీ బళ్లో మతం గురించి ఎలా చెప్పారు?"

జపాన్ కుర్రాడు నవోకి నవ్వాడు. సర్కారు బళ్లో ఫలానా దేవుణ్ణి నమ్మమని చెప్పరట. బౌద్ధం తమ దేశానికి ఎప్పుడొచ్చిందో చరిత్ర పాఠంలో చెప్పి మార్కులు వేస్తారట. "నాకు మతం లేదు" అన్న ఆ నోటితోనే, పరీక్షల ముందు గుడికెళ్లి చెక్కపలక మీద కోరిక రాసి వేలాడదీశానన్నాడు.

కొరియా పిల్ల యూన్‌హీ నవ్వలేదు. వాళ్ల ఊళ్లో ఎవరికి ఏ బడో లాటరీ తేలుస్తుంది. బౌద్ధుల ఇంటి పిల్లకి చర్చివాళ్ల బడి తగిలింది. వారం వారం ప్రార్థన. "ఏం నేర్చుకున్నావు?" అంటే, "కళ్లు మూసుకుని వేరే ఆలోచించుకోవడం" అంది. మరో ఇద్దరు మాత్రం ఆ ప్రార్థనలోనే ఊరట దొరికిందన్నారు. చంద్రిక అదీ రాసుకుంది.

చిక్కు అక్కడే వచ్చింది. బళ్లో మతం బోధిస్తే పిల్లలకి నడత అబ్బుతుందని దశరథరామం గారు పుస్తకం రాస్తున్నారు. అందులో కొరియా ఆదర్శం, జపాన్ హెచ్చరిక.

"ఆ యూన్‌హీని తీసెయ్యమ్మా. ఒక పిల్ల ముక్కు చీదితే నా సిద్ధాంతం తడిసిపోవాలా?"

"తీసేస్తే అది వాళ్లు చెప్పింది కాదు కద సార్!"

గైడు మాట కాదన్న పిల్ల ఆ విభాగంలో అంతకుముందు లేదు. అయినా ఆనవాయితీ తప్పక, నకలు కూడా తీసుకోకుండా, నన్ను సారు బీరువాలోనే దాచింది. గురువు బీరువా కన్నా భద్రమైన చోటు ఉండదని ఆమెకి చిన్నప్పటి నుంచీ ఎవరో నేర్పారు. ఆ మతాన్ని ఏ బళ్లోనూ పాఠంగా చెప్పరు.

ఆయుధపూజ వచ్చింది. బడిలో మతం ఉండాలా వద్దా అని చర్చించే ఆ విభాగమే ప్రింటరుకీ, ప్రొజెక్టరుకీ దండలు వేసింది; బీరువాలోంచి నన్నూ తీసి వాటి పక్కన పెట్టింది.

"సార్, గీ బుడ్డదానికి గూడ బొట్టు వెట్టాల్నా?" అన్నాడు అటెండర్ యాదయ్య.

"పెట్టవయ్యా! అదీ యంత్రమేగా."

బొట్టు పెట్టే వేలు గుండ్రటి చోటు వెతుక్కుంటుంది. నా ఒంటి మీద గుండ్రంగా ఉన్నది రికార్డు బటన్ ఒక్కటే. యాదయ్య భక్తిగా అదిమాడు. కొత్త పని కోసం చంద్రిక తెరిచి ఉంచిన మూడో అరలో నేను వినడం మొదలుపెట్టాను. అందరూ పులిహోరకి వరండాలోకి వెళ్లాక, గదిలో దశరథరామం గారూ ఆయన ఫోనూ మిగిలారు. మాట్లాడటం అయ్యాక నన్ను చేతిలోకి తీసుకుని, కుంకుమ చాటున వెలుగుతున్న నా ఎర్రదీపం గమనించకుండానే మీటలు నొక్కి, రెండో అర తుడిచేశారు. మర్నాడు ఫిర్యాదు రాశారు.

"రెండో అర ఖాళీ, సరే," అన్నారు తహసీన్ బేగం. "మరి మూడోదాంట్లో ఏముంది ప్రొఫెసర్ సాబ్?"

"ఏముంటుంది మేడమ్, వదిలెయ్యండి…"

ఆవిడ నొక్కేశారు. గంట మోగింది. హారతి పాట. అడుగుల చప్పుడు. ఆ తర్వాత నాలోంచి ఒక గొంతు తాపీగా పలికింది: "ఆ కొరియా పిల్లల మాటలుంటే నా పుస్తకం గోవిందా! ఇప్పుడే తుడిచేస్తున్నా. రేపు ఫిర్యాదు కూడా నేనే పెడతా. దొంగని పట్టించినవాణ్ణి ఎవరనుమానిస్తారు?"

"ఎవరిదీ గొంతు?" అన్నారు తహసీన్ బేగం.

ఇరవై ఏళ్లుగా ఆ గొంతుతో కలిసి టీ తాగిన పెద్దమనుషులు సంఘంలో నలుగురున్నారు. ఒకాయనకి ఫ్యాను మీద ఆసక్తి పుట్టింది. ఒకాయన కళ్లజోడు తుడుచుకున్నారు. మిగతా ఇద్దరికీ ఒకేసారి దాహం వేసింది.

తొమ్మిది గొంతులు ఇక తిరిగి రావు. యూన్‌హీ ఇప్పుడు ఎక్కడుందో కూడా ఎవరికీ తెలీదు. చంద్రిక బల్ల అంచు పట్టుకుంది. నాలుగేళ్లలో ఒక్కసారీ ఆయన్ని పేరు పెట్టి పిలవని పిల్ల, ఆయన కళ్లలోకే చూస్తూ అంది:

"దశరథరామం. నా గైడు."