ముందు స్కూటర్ మీద అత్తయ్య

పొద్దున సైకిల్, సాయంత్రం సైకిల్, మధ్యలో టైలర్ షాపులో కుట్టుమిషను. నా కాళ్ళకి నోరుంటే నన్నెప్పుడో కోర్టుకీడ్చేవి. అయినా తొక్కుతున్నాను. ఈసారి సైకిల్ పోటీ రేవు పట్నంలో. అక్కడే మా ఆయన క్రేన్ నడుపుతాడు. మనిషిని చూసి ఏడాది దాటింది. మామయ్య మంచం పట్టారు కాబట్టి అత్తయ్యో నేనో, ఎవరో ఒకరం ఇంట్లో ఉండి తీరాలి. జట్టుతో అయితే తప్ప షాపు ఓనరు నాకు సెలవివ్వడు. ఆదివారం జట్టుకి ఎంపికైతే వెళ్తాను, లేకపోతే లేదు.

పొద్దున ఒక్కదాన్నే ఎత్తు రోడ్డు ఎక్కి దిగుతాను. సాయంత్రం అలా కాదు. ముందు స్కూటర్ వెళ్తుంటే దాని వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని తొక్కాలి. అలా తొక్కితేనే పోటీ వేగం ఒంటికి అలవాటవుతుంది. ఒకప్పుడు ఆ స్కూటర్ ఆయన నడిపేవాడు. ఎదురుగా ఆ వీపు కనిపిస్తుంటే అలుపే తెలిసేది కాదు. ఛ, తలచుకుంటే ఏడుపొస్తుంది.

ఇప్పుడు పక్కింటావిడని మామయ్య దగ్గర కూర్చోబెట్టి అత్తయ్యే నడుపుతోంది. మొదట్లో ఒకరోజు అద్దంలో నన్నే చూసుకుంటూ వెళ్ళి ముళ్ళకంచెలో దూరింది. పైగా, "వెనక నిన్ను చూడాలా, ముందు రోడ్డు చూడాలా? నాకేమన్నా నాలుగు కళ్ళున్నాయా?" అని నామీదే ఎగిరింది.

ఇవాళ మాత్రం అద్దం వంకే చూడలేదు. అసలే పొద్దున ఎక్కువ తొక్కానేమో, కాళ్ళు పీకేస్తున్నాయి. చక్రానికీ నాకూ మధ్య జానెడు దూరం కాస్తా బారెడైంది. "మెల్లగా అత్తయ్యా!" అని గొంతు చించుకున్నాను. వినిపించుకుంటేగా! ఎక్కడో మలుపు దగ్గర ఆపి, నాకోసం చూస్తూ నిలబడింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరు తరుముతున్నారండీ మిమ్మల్ని? నన్ను చంపేస్తారా ఏంటి?"

"ఆదివారం నిన్ను తీసుకోకపోతే ఎలాగే?" అంది. "వెళ్ళగానే వాడి భుజాలు పట్టుకుని చూడు, చిక్కాడేమో. ఫోన్లో ఎంతసేపూ గడ్డమే చూపిస్తాడు వెధవ. నేనెలాగూ వెళ్ళలేను. నువ్వన్నా కళ్ళారా చూసి రా."

చేత్తో మొహం తుడుచుకుని, చెమట అంది.

అప్పుడు తట్టింది నాకు. నేను వెళ్తే ఆవిడ ఆగిపోవాల్సిందే. ఆ సంగతి తెలిసీ రోజూ స్కూటర్ తీస్తోంది. ఆవిడా కన్నతల్లే కదా, కొడుకుని చూసి ఆవిడకీ ఏడాదే కదా! పోటీ మానుకుని, "పోనీ మీరే వెళ్ళి రండి, కుట్టుపని ఇంటికి తెచ్చుకుని మామయ్యని నేను చూసుకుంటాను" అనాలి. అనడానికి నోరు తెరిచాను కూడా. కానీ నాకు ఆయన కావాలి. ఏం చెయ్యను, కావాలి.

"నడపండి అత్తయ్యా" అన్నాను. "ఇంకాస్త స్పీడుగా."