ఆదివారం మార్చాల్సిన స్విచ్

మా అత్త అమీనా బీ రోజూ మధ్యాహ్నం నమాజు అయ్యాక వంటింట్లో పీట వేసుకుని మైక్రోవేవ్ ఓవెన్ ముందు కూర్చునేది. దాని టైమర్ చక్రం ఇరవై నిమిషాలకి తిప్పి తలుపు తెరిచేది. లోపల దీపం వెలుగుతూ, ఖాళీ పళ్లెం తిరుగుతూ, పెట్టె గుయ్యిమంటూ ఉంటే కొడుకుతో మాట్లాడేది. ఆ కొడుకు అన్సార్, నా మొగుడు. పోయిన డిసెంబరులో వినుకొండ రోడ్డు మీద లారీ గుద్ది చనిపోయాడు.

ఇది మొదలైంది నలభయ్యో రోజు ఫాతిహా అయిన వారానికి. ఆవిడ టీ వేడి చేసుకుంటుంటే కరెంటు పోయింది. తలుపు తీసి గ్లాసు బయటికి తీసుకుంది. తలుపు మూసేలోపే కరెంటు వచ్చింది. తెరిచిన తలుపు అలాగే ఉండగా లోపల దీపం వెలిగి పళ్లెం తిరగడం మొదలుపెట్టింది.

"వచ్చాడే," అంది మా అత్త, గ్లాసు పట్టుకుని.

అబద్ధమెందుకు, నేనూ నమ్మాను. అన్సార్ తన రిపేరు షాపులో బల్ల మీద తల వంచుకుని పని చేసేటప్పుడు ఏమడిగినా "ఊఁ" అనేవాడే తప్ప నోరు తెరిచేవాడు కాదు. ఈ పెట్టె కూడా అలాగే ఊఁ అనేది. ముఖానికి వెచ్చగా తగిలేది, దగ్గరగా మనిషి వచ్చి నిలబడ్డట్టు. మా అత్త వెనక గోడకి ఆనుకుని కూర్చుని నేనూ నా గోడు వెళ్లబోసుకునేదాన్ని. గ్యాసు బండ రాలేదని, ఆడపడుచు సైమా ఫోన్ చేయట్లేదని, నన్నిలా వదిలేసి పోవడానికి నీకు సిగ్గు లేదా అని. అన్నింటికీ ఊఁ అనేది. బతికున్నప్పుడు కూడా ఇంతకన్నా ఏమీ చెప్పేవాడు కాదు కాబట్టి నాకు తేడా తెలియలేదు.

ఏప్రిల్‌లో మా అత్త టీలో చక్కెర బదులు ఉప్పు వేసింది. మర్నాడు గడప కనపడక తూలి పడబోయింది. పక్కింటి ప్రిస్కిల్లా అక్క కంటి ఆసుపత్రిలో నర్సు. టార్చి వేసి చూసి నన్ను వసారాలోకి పిలిచింది.

"సంక్రాంతి ముందు మా క్యాంపులో చూశానమ్మా, అప్పుడు ఏం లేదు. రెండు కళ్లల్లోనూ శుక్లం ఇంత తొందరగా ముదరడం నేను చూళ్లా. ముఖం కూడా కందిపోయింది. పొయ్యి దగ్గర చానా సేపు కూర్చుంటదా?"

"పొయ్యి దగ్గర కూర్చోదక్కా," అన్నాను.

ఆ మధ్యాహ్నం ప్లగ్గు దగ్గర కాలిన వాసన వస్తుంటే, చూద్దామని అన్సార్ టెస్టర్ తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. మా అత్త పీట మీద ఉంది. పెట్టె తిరుగుతోంది. నేను ప్లగ్గు దాకా పోకముందే, దేనికీ తగిలించకముందే, నా చేతిలో టెస్టర్ లోపలి బుడ్డి దీపం వెలిగింది. ఎర్రగా, స్థిరంగా.

మా అత్తకి ఆ ఎరుపు మసకగా కనిపించినట్టుంది. "చూశావా, వాడి టెస్టర్‌ని గుర్తుపట్టాడు," అంది.

వెనక్కి జరిగాను, ఆరిపోయింది. ముందుకి జరిగాను, వెలిగింది. తలుపు మూశాను, ఆరిపోయింది. అప్పుడు, ఎనిమిదేళ్లు అన్సార్ షాపులో పక్కన కూర్చుని స్క్రూడ్రైవర్లు అందించిన బుర్ర నెమ్మదిగా పని చేయడం మొదలుపెట్టింది. తలుపు తీస్తే ఈ మిషను ఆగిపోవాలి. ఆపడానికి తలుపు పక్కన ఒక చిన్న స్విచ్ ఉంటుంది. అది పాడైతే, కొత్తది దొరక్కపోతే, స్విచ్ పీకేసి రెండు వైర్లూ కలిపి మెలితిప్పేస్తారు. మా వాళ్లు దీన్ని డైరెక్ట్ చేయడం అంటారు. బయటివాళ్ల ఓవెన్‌కి అన్సార్ చచ్చినా అలా చేసేవాడు కాదు. మా ఇంటి వస్తువుకి మాత్రం అన్నీ డైరెక్టే.

మూడు నెలలుగా మా అత్త ముఖాన తగులుతున్నది కొడుకు కాదు. అన్నాన్ని వేడి చేసే వేడి.

"అమ్మీ, అది నీ కళ్లు తీసేస్తాంది," అన్నాను.

"తీసుకోనీ. వాణ్ణి చూడలేని కళ్లు నాకెందుకే?"

ప్లగ్గు పీకి పెట్టెని అటక మీద పెట్టేశాను. మా అత్త రెండు రోజులు మెతుకు ముట్టలేదు. మొండితనంలో తల్లీకొడుకులు ఒక్కటే. మూడో రోజు తిట్టుకుంటూ నేనే దించాను. దించాక ఒకటే దారి మిగిలింది. అన్సార్ దగ్గర పని నేర్చుకున్న బాలశౌరి ఇప్పుడు షాపు చూస్తున్నాడు. అతనితో గుంటూరు నుంచి స్విచ్ తెప్పించాను. ఎందుకని అడిగితే ఊఁ అన్నాను.

సైమా వచ్చి తల్లిని రాజుపాలెంలో వలీమా విందుకి తీసుకెళ్లిన రోజు పెట్టెని బల్ల మీదికి ఎక్కించాను. ప్లగ్గు పీకాను. "ప్లగ్గు పీకినంత మాత్రాన చేతులు పెట్టబాక, చావు లోపలే కూర్చునుంటది," అనేవాడు అన్సార్, కరెంటు దాచుకునే కెపాసిటర్ చూపించి. పిడికి ప్లాస్టిక్ తొడుగున్న పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసుకుని దాని రెండు కొనలకీ ఒకేసారి ఆనించాను. ఠప్‌మని నిప్పురవ్వ లేచింది. ఇంకోసారి ఆనించాను. చప్పుడు రాలేదు.

పైమూత వెనక్కి తిప్పితే నల్ల మార్కర్‌తో అతని రాత. ఏది బాగు చేసినా మూత లోపల పేరూ తేదీ రాయడం అన్సార్‌కి అలవాటు. మళ్లీ చెడిపోతే ఎవర్ని తిట్టాలో తెలియాలిగా, అనేవాడు.

"అన్సార్. సెప్టెంబర్ 14. స్విచ్ దొరకలా. డైరెక్ట్. ఆదివారం మార్చాలి."

సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఎన్ని ఆదివారాలు. ఏ ఒక్క ఆదివారం అరగంట కూర్చున్నా సరిపోయేది. అక్కడే కూర్చుని అతన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టడం అయ్యాక మెలితిప్పిన వైర్లు విడదీయడానికి చెయ్యి రాలేదు. అవి అతని వేళ్లతో తిప్పినవి. ఇవి విడదీస్తే ఈ ఇంట్లో ఇంక ఊఁ అనేవాడు ఉండడు. మా అత్త సంగతి దేవుడెరుగు, నాకే కావాలి ఆ వెచ్చదనం.

మా అత్త కళ్లు తలుచుకుని విడదీశాను. కొత్త స్విచ్ బిగించాను.

సాయంత్రం ఆవిడ వచ్చీ రాగానే బురఖా అయినా తీయకుండా పీట వేసుకుంది. చక్రం తిప్పింది. గుయ్యిమంది. తలుపు తెరిచింది. ఆగిపోయింది. మూసి మళ్లీ తెరిచింది. ఆగిపోయింది. వంటింట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

"ఏమే, వాణ్ణి ఏం చేశావ్?"

అతనే వెళ్లిపోయాడని చెబుదామని పొద్దున్నుంచీ అనుకుంటూనే ఉన్నాను. చెప్పలేకపోయాను. మూత ఇంకా బిగించలేదు, పైన ఊరికే ఆనించి పెట్టాను. ప్లగ్గు పీకి, మూత తీసి ఆవిడ ఒళ్లో పెట్టి, అందులో ఉన్నది చదివి వినిపించాను. ఆవిడకి చదువు రాదు, ఇప్పుడు చూపూ సరిగా లేదు. రాత ఉన్న చోట వేళ్లతో తడుముతూ చాలాసేపు కూర్చుంది.

"ఇయ్యాళ ఏ వారం?"

"ఆదివారం అమ్మీ."

కోప్పడుతుందనుకున్నాను. మూత నాకు తిరిగి ఇచ్చింది. "నీ పేరు కూడా రాయి. మళ్లీ చెడితే ఎవర్ని తిట్టాలో తెలియాలిగా," అంది.

అతని పేరు కింద నా పేరు రాశాను. మూత బిగించి ప్లగ్గు పెట్టాను. ఆవిడే చక్రం తిప్పి తలుపు తెరిచింది.

"వాడి టెస్టర్ పెట్టి చూడు. వెలుగుతాందా?"

పెట్టాను. "లేదమ్మీ."

"సరిగ్గా చూడవే."

ఇంకా దగ్గరగా పెట్టి, బుడ్డిని చేత్తో మరుగు చేసి, సరిగ్గా చూశాను. వెలగకూడదు. వెలగకపోతేనే నేను చేసిన పని బాగున్నట్టు. ఎక్కడన్నా కాస్త ఎరుపు కనపడుతుందేమోనని ఇంకోసారి చూశాను.

"లేదమ్మీ," అన్నాను.