కోతపండుగ గుమ్మడికాయ

"సంతోషకుమారి పేరు మీద రెండొందలు," అన్నాడు జక్రయ్య లేచి నిలబడి.

చర్చి ముందు తాటాకు పందిట్లో అందరూ వెనక్కి తిరిగి అతని భార్య వైపు చూశారు. ఆమె ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చుని ఉంది. పేరు ఆమెది, పాడింది మొగుడు. వేలంలో ఉన్నది కోతపండుగకు ఎవరో కానుకగా తెచ్చిన గుమ్మడికాయ. సంతలో మూడు రూపాయలు కూడా చెయ్యదు. కోతపండుగలో పాట పెరగడం మామూలే. డబ్బు గుడికి పోతుంది, గొప్ప పాడినవాడికి మిగులుతుంది.

ఆమె కువైట్‌లో ఒక ఆసుపత్రిలో ఆయా. నెల రోజుల సెలవు మీద వచ్చింది, తిరుగు ప్రయాణం దగ్గర పడింది. కువైట్‌లో అన్నీ ప్రియం. ఒక్క గది అద్దెను ఆరుగురు ఆడవాళ్లు పంచుకుంటారు. ఆమె వాటాకు వచ్చింది ఒక మంచం. దాని చుట్టూ తెరలా చీరాల చీర కట్టుకుంది. బస్సు ఎక్కదు, ఎండలో నడిచిపోతుంది. ఖుబ్బూసు రొట్టె చవకే గాని అందులోకి కూర చవక కాదు. ఇక్కణ్నుంచి పట్టుకెళ్లిన కారంలో నూనెచుక్క వేసుకుని అద్దుకుంటుంది. ఇంకొక్క ఏడాది ఇలా గడిపితే పాక తీసి పెంకుటిల్లు వేసి, తిరిగొచ్చి ఇక్కడే ఉండిపోవచ్చు. ఆ ఏడాది రెండేళ్లు కాకూడదు.

పొద్దున కారం డబ్బా పెట్టెలో సర్దుతుంటే జక్రయ్య తీసి బయట పెట్టాడు.

"కువైట్ మనిషివి, కారం మోసుకుపోతావా? నవ్వుతారు."

"అక్కడ కొంటే ఒక రోజు జీతం పోద్ది."

"మరీ పిసినారివై పోయావే."

ఆ మాట ఆమెలో ఇంకా మండుతూనే ఉంది.

"బుల్లయ్య మేస్త్రి, రెండొందల యాభై," సంఘపెద్ద దానయ్య గుమ్మడికాయ పైకెత్తాడు. "ఏరా జక్రయ్యా, దినార్లు అయిపోయినయ్యా?"

పందిట్లో నవ్వారు. జక్రయ్య చలవ కళ్లజోడు సర్దుకున్నాడు. ఆ కళ్లజోడూ, ఒంటిమీద టెర్లిన్ చొక్కా ఆమె పంపినవే. ఆమె వెళ్లిన దగ్గర్నుంచి అతను మిరపచేల వైపు పోలేదు.

"అయిదొందలు," అన్నాడు.

"అయిదొందలు, ఒకటోసారి..."

"ఆపు బాబాయ్." సంతోషకుమారి లేచింది. "నేను పాడలేదు."

"నీ పేరు మీదేగా అమ్మాయ్."

"పేరు నాదైతే నోరు కూడా నాదే కావాలిగా?"

దానయ్య ఇబ్బందిగా చూశాడు. "దేవుడి సన్నిధిలో అన్న మాట. వెనక్కి తీసుకుంటే బాగోదు."

"దేవుడికి ఇవ్వాల్సింది వచ్చిన ఆదివారమే కానుకలో వేశాను. ఇది బుల్లయ్య మీద పంతానికి పాడిన పాట. అన్నవాడే తీరుస్తాడు. మిరపకోతలకు మనుషులు దొరకట్లేదంటగా."

"నా చేలోకే రమ్మను చెల్లెమ్మా, రేపొద్దున్నే," అన్నాడు బుల్లయ్య.

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా లేచింది.

ఇంటికి వస్తూ గుమ్మడికాయ చంకనేసుకుని జక్రయ్య గొణిగాడు. "నలుగుర్లో నా పరువు తీశావు."

ఆమె దారి మధ్యలోనే ఆగింది. "ఏ పరువయ్యా? నేను తినకుండా పంపిన పరువా? రోగులు వదిలేసిన రొట్టె తిన్న రోజులున్నాయి నాకు. ఆ కాయకు నువ్వు పాడిన డబ్బుతో అక్కడ రెండు నెలలు తింటాను. నన్నింకా ఎన్నాళ్లు ఆ మంచం మీద ఉంచుదామని?"

వెనకే వస్తున్న అత్త ఎలీసమ్మ నిలబడిపోయింది. "రోగుల ఎంగిలి తిన్నావా?"

"నెలాఖర్లో తిన్నాను, అత్తా."



తెల్లారి జక్రయ్య దుప్పటి ముసుగు తియ్యలేదు. ఎలీసమ్మ చద్దన్నం గిన్నె, గోనెసంచి తెచ్చి మంచం పక్కన పెట్టింది. దుప్పటి లాగేసింది.

"లేరా. బుల్లయ్య చేలో కోత."

"నువ్వు కూడానా అమ్మా?"

"ఆ కళ్లజోడు ఇక్కడ పెట్టి పో. మిరపచెట్లు నిన్ను చూసి మురిసేదేం లేదు."

అతను సంచి భుజాన వేసుకుని వెళ్లాక, ఆమె కోడలి పెట్టె తెరిచి కారం డబ్బా చీరల మధ్య ఒదిగేలా పెట్టింది.

"ఇంకో డబ్బా దంపుతానుండు," అంది.

సంతోషకుమారి తల ఊపింది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.