ఐరిస్ రెండో పూత

వాసన వీధి మలుపులోనే తగిలింది. ఎవరిదో కుక్క చచ్చి ఉంటుందనుకుని ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాను. మద్రాసు నుంచి మోసుకొచ్చిన సంచీ ఇంకో చేత్తో పట్టుకుని గబగబా నడిచాను. నడిచేకొద్దీ తగ్గాల్సింది పెరిగింది. మా గేటు తీసేసరికి తెనాలి స్టేషన్లో తిన్న ఇడ్లీ గొంతుదాకా వచ్చింది. కంపు మా పెరట్లోంచే. అదీ నా ఐరిస్ మడిలోంచే!

ఆ మడి సంగతి ముందు చెప్పాలి. రేపల్లెలో ఉండే సరోజ టీచరు గారు, మాకు అత్త వరస, కొడైకెనాల్ నుంచి మూడు ఐరిస్ దుంపలు తెచ్చి నాకిచ్చారు. మామూలు ఐరిస్ ఏడాదికోసారి పూసి ఊరుకుంటుంది. ఇది అలా కాదు, అదే ఏడు ఇంకోసారి పూసే రకం. ఊదారంగు పువ్వు, కింది రేకుల మీద పచ్చటి నూగు గడ్డం. పందొమ్మిది వందల డెబ్భై ఒకటి ఫిబ్రవరిలో వాటిలో ఒకటి పూసింది. నేను ఆగగలనా? కాడ తడిగుడ్డలో చుట్టి బాపట్ల పూల ప్రదర్శనకి పట్టుకెళ్ళాను. అక్కడ గుమ్మానికి ఎదురుగా ఉండే బల్ల ఆరేళ్ళుగా గులాబీల బసవేశ్వరరావు గారిది. ఆయన కళ్ళజోడు పైకెత్తి చూసి నవ్వారు.

"కొండ మీద పువ్వమ్మాయ్ ఇది. మన నేలలో ఉల్లిపాయే మురిగిపోద్ది. ఆ కొండ చలి ఇంకా ఒంట్లో ఉండబట్టి ఒకసారి పూసింది. అంతే."

"లేదండి, ఇది రెండోసారి కూడా పూస్తుందండి. డిసెంబరు ప్రదర్శనకి తెస్తాను, చూడండి."

"తెస్తే నా బల్ల నీదే," అన్నారు అందరూ వినేలా. అందరూ నవ్వారు.

ఇక నాకు అదే ధ్యాస. ఐరిస్ దుంప సగం నేల బయటే ఉండాలి, దాని వీపు ఎండకి కాగాలి, తడి నిలిస్తే చస్తుంది. అందుకని పెనుమూడి నుంచి ఏటి ఇసుక బస్తాల్లో తెప్పించి దిబ్బ పోశాను. వానాకాలమంతా నీళ్ళు నిలవకుండా చుట్టూ కాలవ తీస్తూనే ఉన్నాను. అక్టోబరులో ఒక మొక్క ఆకుల మొదట్లో వేలితో నొక్కితే లోపల గట్టిగా ఏదో తగిలింది. మొగ్గ! సరిగ్గా అప్పుడే కాలేజీ సర్టిఫికెట్ల కోసం మద్రాసు వెళ్ళాల్సొచ్చింది. పది రోజులు. వెళ్తూ వెళ్తూ నాయనమ్మతో, "వాటిని కాస్త చూస్తూ ఉండు," అన్నాను. ఏం చెయ్యకూడదో చెప్పలేదు. అంత బీయస్సీ చదివి!

మా నాయనమ్మ ఏసమ్మ దుగ్గిరాల చుట్టుపక్కల పసుపు చేలల్లో నలభై ఏళ్ళు కూలికి వెళ్ళిన మనిషి. ఇప్పుడు అంగలకుదురులో మాతో ఉంటోంది. నేను పెరట్లోకి వెళ్ళేసరికి మడి పక్కనే గొంతుక్కూర్చుని ఉంది.

"వచ్చావా అమ్మా? ఈ కంపేంటో తెలీట్లేదే. ఎంత చేసినా పోవట్లా."

"ఏం చేశావు నాయనమ్మా?"

"దుంపలు బోడిగా పైకి తేలి ఉన్నాయి గదే. పసుపైతే ఎండ తగిలిన కొమ్ము చెడిపోద్ది. చదువుకున్న పిల్ల, నేల పని దీనికేం తెలుసులే అని నేనే మట్టి ఎగదోశా. రెండు గంపలు పేడ ఏశా. పైన ఆకు కప్పా. పొద్దునా సాయంత్రం రెండేసి బిందెలు పోశా. ఒక్కపూట మానలేదు."

ఆకు తీసి పారేశాను. ఒక మొక్క పట్టుకుని లాగితే ఆకుల గుత్తి అలా చేతిలోకి వచ్చేసింది. కింద దుంప లేదు. దుంప ఉండాల్సిన చోట విరిగిన పాలలాంటి జిగురు, నా వేళ్ళ సందుల్లోంచి కారి మణికట్టు దాకా వచ్చింది. అందులో తెల్లటి పురుగులు కదిలాయి. రెండో మొక్కా అంతే. మల్లె పందిరి పక్కకి పరిగెత్తి కక్కేశాను. కక్కుతూనే, మూతి తుడుచుకోకుండానే, అరిచాను.

"ఛీ! నువ్వు ముట్టుకున్నదల్లా ఇంతే! ముట్టుకోకుండా ఉండలేవా?"

నాయనమ్మ చేతులు చీరకి తుడుచుకుంది.

"ఆ మాట నాకు కొత్తేం కాదులే," అంది. "దుగ్గిరాల్లో పెద్ద రైతుల కళ్ళాల్లో రోజూ విన్నదే. నీ నోట్లోంచి రావడమే కొత్త."

నేను తొట్టి దగ్గరికెళ్ళి చెయ్యి మూడుసార్లు సబ్బుతో కడిగాను. చేతి వాసన పోయింది. నోరు ఎన్నిసార్లు పుక్కిలించినా నాకు నేనే అసహ్యంగా ఉన్నాను.

తిరిగొచ్చేసరికి నాయనమ్మ మూడో మొక్కని మట్టిలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని ఉంది, మొగ్గ ఉన్నది అదే. పాత ఇనుప గరిటెతో కుళ్ళు గోకుతోంది. గోళ్ళ నిండా ఆ జిగురే.

"దుంపకుళ్ళు ఇది. పసుపుకీ వస్తది. ఈ పక్క ఇంకా గట్టిగానే ఉంది, చూడు."

గోకడం, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడడం, "ఇంకా ఉంది," అనడం, మళ్ళీ గోకడం. వాసన చూసినప్పుడల్లా నేను ముక్కు మూసుకున్నాను. వెళ్ళి పక్కన కూర్చోవాలని తెలుసు, మల్లె పందిరి దగ్గరే నిలబడిపోయాను. చివరికి బొటనవేలంత ముక్క మిగిలింది, తెల్లగా, దాని నెత్తిన ఆకులు. దానికి పొయ్యిలో బూడిద పట్టించి గోడ మీద ఎండకి పెట్టింది. మూడు రోజులు కాకుల్ని తోలుతూ కూర్చుంది.

నాలుగో రోజు కుండ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఎట్టా పెట్టాలో ఈసారి నువ్వు చెప్పు."

"ఇసకలో. సగం బయటికి."

"నీళ్ళు?"

"ఇప్పుడొద్దు."

"పేడ?"

"అసలొద్దు నాయనమ్మా!"

"తిండీ నీళ్ళూ ఒద్దంట! ఇదేం మొక్కే, సన్నాసిమొక్క!" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను గానీ ఆవిడ అప్పటికే కుండ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

డిసెంబరులో ఆకుల మధ్యనుంచి కాడ లేచింది! రెండు మొగ్గలు. ప్రదర్శన ముందురోజు ఒకటి విచ్చింది, ప్రదర్శన నాటి పొద్దున రెండోది. కుండ ఒళ్ళో పెట్టుకుని బాపట్ల పాసింజరు ఎక్కాను. నాయనమ్మ రానంటే వినలేదు, లాక్కుపోయాను.

బసవేశ్వరరావు గారు పువ్వు చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"ఎట్టా నిలబెట్టావమ్మాయ్ దీన్ని?"

"నేను కాదండి. నేను దూరంగా నిలబడి చూశానంతే. మా నాయనమ్మ నిలబెట్టింది."

ఆయన నాయనమ్మని చూశారు, పువ్వుని చూశారు. తర్వాత ఎవరినీ పిలవకుండా తన గులాబీల కూజాలు తనే ఒక్కొక్కటీ పక్క బల్ల మీదికి మార్చారు. పెంచినవారి పేరు రాసే చీటీ మీద ఏసమ్మ అని రాశాను.

నాయనమ్మ బల్లకి రెండు బారల దూరంలో ఆగిపోయింది, చేతులు కొంగులో దాచుకుని.

"ఆ అట్టముక్క మీద ఏం రాసుందే?"

"పువ్వులను ముట్టుకోరాదు" అని ఉంది. అట్టముక్క బోర్లా పెట్టేశాను.

"కానీ అమ్మాయ్, దాన్ని తీసెయ్. చూడలేకపోతున్నా," అన్నారు బసవేశ్వరరావు గారు మొహం చిట్లించి. నిన్న విచ్చిన పువ్వు అప్పటికే వాడిపోయింది. ఐరిస్ వాడిపోతే రాలదు, తడి ముద్దై కాడకి వేలాడుతూ ఊదా నీళ్ళు కారుస్తుంది. నేను చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాను.

"నాయనమ్మా, ఇలా రా. నువ్వు తియ్యి."

"నేనా? అందరూ చూస్తున్నారే."

"చూడనీ. నువ్వే ముట్టుకోవాలి దీన్ని."

ఆవిడ వచ్చింది. రెండు వేళ్ళతో గిల్లి తీసి, వెలుగులో పెట్టి చూసింది.

"ఛీ, చీమిడి! దీనికోసమా ఇంత రభస?"

అని ఆ ముద్ద పారేసి, వేళ్ళు నా కొత్త వాయిల్ చీర కొంగుకి శుభ్రంగా తుడుచుకుంది, ఊదా మరక పడేలా. నేను కొంగు లాక్కోలేదు. ఇంకో చెయ్యి కూడా తుడుచుకోమని దాన్నే ముందుకి చాపాను.