బయలుదేరేవాళ్లను అడగకూడని ప్రశ్న

మల్కాజ్‌గిరి నుంచి లోకల్ రైల్లో వస్తున్నంతసేపూ రాజులమ్మ చేతులు ఒళ్లోంచి తీయలేదు. ఆ వేళ్లు కంప్యూటర్ మీద తప్పుచోట పడితే కొడుకు ఉద్యోగం ఊడుతుందని ఆమె బెంగ.

బెంగ ఉత్తదేమీ కాదు. బస్సు టికెట్ల వెబ్‌సైటులో జనం చివరిదాకా వచ్చి, టికెట్ తీయకుండానే మాయమైపోతున్నారు. ఆ పేజీలు తయారుచేసింది ఆమె కొడుకు వరహాలబాబే. కంప్యూటర్ ముట్టనివాళ్లను కూర్చోబెట్టి చూద్దామనీ, వాళ్లకూ పని జరగకపోతే వేరే కొలువు వెతుక్కోమనీ పైఅధికారి భద్రయ్య చెప్పేశాడు. రమ్మన్న నలుగురిలో ముగ్గురు రాలేదు. మిగిలింది వాళ్లమ్మే.

చిలకలగూడ ఆఫీసులో ఆమెను విజయనగరానికి టికెట్ తీయమన్నారు. కొడుకు నోరు విప్పకూడదని షరతు. ముందు సీటయితే గుద్దుకున్నప్పుడు మొదట పోయేది తనే, వెనక సీటయితే నడుం విరుగుతుంది, కిటికీ పక్కనయితే గొలుసు లాగేస్తారు. అన్నీ ఆలోచించి నడిమి సీటు నొక్కింది. నొక్కగానే తెర మీద ప్రశ్న వచ్చింది: ‘మీరు నిజంగా ప్రయాణం చేస్తున్నారా?’

రాజులమ్మ లేచి వెళ్లి, మంచినీళ్లు తాగి, ఓ మూల కుర్చీలో కళ్లు మూసుకు కూర్చుంది. తిరిగొచ్చేసరికి గడువు దాటి సీటు పోయింది. మళ్లీ మొదలు. మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ మంచినీళ్లు. మూడోసారీ అంతే.

ఎందుకు లేస్తున్నారని భద్రయ్య అడిగాడు.

“గుమ్మం దిగుతుంటే నిజంగా ఎల్తన్నావా అని అడిగితే, ఎవులైనా ఎల్తారా బాబూ? కాసేపు కూకుని, నీళ్లు తాగి, మళ్లీ బయల్దేరాల.”

భద్రయ్య తల గోక్కున్నాడు. “మా అమ్మయితే ఆ దినం ప్రయాణమే బంద్ చేస్తది. ఏందయ్యా, ఈ ప్రశ్న ఎవరు పెట్టమన్నరు?”

“మీరే సార్, పోయిన నెల,” అన్నాడు వరహాలబాబు, వినీ వినపడకుండా.

భద్రయ్య ఆ ప్రశ్న తీసేయమన్నాడు. ఈసారి ఆమె నొక్కిన వెంటనే టికెట్ వచ్చింది. వరహాలబాబుకు ఉద్యోగం నిలిచింది. ఆమెను ప్రతి శుక్రవారం వచ్చి, మిగతా పేజీల్లో తప్పులు పట్టమన్నారు.

తిరుగు రైల్లో కొడుకు ఈల వేస్తున్నాడు. రాజులమ్మకు మాత్రం కొత్త దిగులు పట్టుకుంది.

“తప్పులన్నీ దిద్దీసినాక నీతో ఆళ్లకేటి పని, బాబూ?” అంది మెల్లగా. “వారానికొకటి కనపడనట్టు వదిలీస్తాన్లే.”